తాండూరు నాపరాయి: మూడు శాస్త్రాలు కలిసే చోటు

తెలంగాణ పడమటి అంచున, వికారాబాదు జిల్లాలోని అనంతగిరి కొండల నుంచి రెండు నదులు రెండు దిక్కులకు దిగుతాయి. తూర్పు వాలున పుట్టిన మూసీ హైదరాబాదు మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిస్తే, పడమటికి పారే కాగ్నా తాండూరును ఒరుసుకుంటూ కర్ణాటకలో అడుగుపెట్టి, ఒకనాటి రాష్ట్రకూట రాజధాని మాన్యఖేటమైన నేటి మల్ఖేడ్ పక్క నుంచి వెళ్లి భీమా నదిలో చేరుతుంది. ఈ రెండవ నది నడిచే నేల కింద పొరలు పొరలుగా పరుచుకుని ఉన్న సున్నపురాయిని తాండూరు ప్రాంతంలో నాపరాయి అంటారు; మార్కెట్లో అది తాండూరు బండగా, షాబాదు బండగా అమ్ముడవుతుంది. తెలుగు ఇళ్ల వాకిళ్లలో, బడుల వరండాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద రెండు మూడు తరాలు నడిచిన ఈ రాయి మీద ఇంజనీరింగ్, పురావస్తు శాస్త్రం, సమాచార శాస్త్రం మూడూ పని చేశాయి. అయితే ఒక శాస్త్రం రాసి పెట్టుకున్నది మరొక శాస్త్రానికి అందే ఏర్పాటు మాత్రం ఇప్పటికీ బలహీనంగానే ఉంది.

ఇక్కడ సమాచార శాస్త్రం అంటే కంప్యూటర్లు తయారు చేసే విద్య అని కాదు. ఒక విషయాన్ని ఏ రూపంలో నమోదు చేస్తే, ఏ పేరు కింద వర్గీకరిస్తే, ఎక్కడ భద్రపరిస్తే, దానిని ఎన్నడూ చూడని మరొకరు మరొక కాలంలో తిరిగి పట్టుకోగలుగుతారో పరిశీలించే శాస్త్రం అది. గ్రంథాలయాల జాబితాలతో మొదలైన ఆ విద్య నేడు ఉపగ్రహ చిత్రాల నుంచి శాసనాల పాఠాల దాకా విస్తరించింది.

భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ సున్నపురాయిని భీమా సముదాయం అనే శిలాశ్రేణిలో చేరుస్తారు. ప్రధానంగా కర్ణాటకలోని కలబురగి, యాద్గిర్ జిల్లాల్లో పరుచుకున్న ఈ శ్రేణి సుమారు 5 వేల చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది. దాని ఈశాన్యపు కొస తాండూరు పరిసరాల్లో తెలంగాణలోకి వస్తుంది. ఎముకలు, గుల్లలు గల జీవులు భూమి మీద ఇంకా అవతరించని కాలంలో, లోతు తక్కువ సముద్రం అడుగున సన్నని సున్నపు బురద పేరుకుని గట్టిపడి ఈ రాయిగా మారింది. చాలా కాలం తరువాత, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం, దక్కను మీద లావా పొంగి పారింది. ఆ లావా చల్లబడి ఏర్పడిన నల్లరాయి వానకు, ఎండకు కుళ్లి, కరిగిపోయేది కరిగిపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రబడినదే లేటరైట్ అనే శిల. అనంతగిరి కొండల నెత్తిన ఉన్నది అదే. గని పనివారు దానిని ఎర్రమట్టి అంటారు. వికారాబాదు ఎర్రమట్టి పైన, తాండూరు నీలి నాపరాయి కింద ఉన్న ఈ అమరికను ఒక్క రోజు ప్రయాణంలో కంటితో చూడవచ్చు.

నాపరాయికి ఉన్న ఇంజనీరింగ్ విలువ అంతా అది విడిపోయే తీరులో ఉంది. సున్నపు బురద ఏకధాటిగా కాక విడతలుగా పేరుకున్నందువల్ల రెండు విడతల మధ్య పలుచని బంకమట్టి పొర చిక్కుకుంది. రాయి గట్టిపడ్డాక కూడా ఆ పొర బలహీనమైన అతుకుగానే మిగిలిపోయింది. గని కార్మికుడు గునపాన్ని ఆ అతుకులో సరిగ్గా దించగలిగితే పలక అడ్డంగా విరగకుండా చదునుగా పైకి లేస్తుంది, దింపడం తప్పితే అంతవరకు పడ్డ శ్రమ ముక్కల పాలవుతుంది. భూగర్భ శాస్త్రం స్తరతలం అని పిలిచే ఈ విడిపోయే తలాన్ని కనిపెట్టడం పుస్తకాల వల్ల వచ్చేది కాదు; సుత్తి దెబ్బకు రాయి పలికే ధ్వనిని బట్టి దాని లోపలి పగుళ్లను అంచనా వేసే నేర్పు గనుల్లో చేతి నుంచి చేతికి వచ్చింది. 1874లో వాడి, సికిందరాబాదుల మధ్య నిజాం రైలు మార్గం తాండూరు, వికారాబాదుల మీదుగా ప్రారంభమయ్యాక, బరువైన ఈ బండలు దూరప్రాంతాలకు వెళ్లే వీలు కలిగింది.

పలకలుగా లేవని రాయి సిమెంటుకు పోతుంది. సున్నపురాయిని, బంకమట్టిని, ఇనుము అందించే కొద్దిపాటి ఎర్రమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే వచ్చే గట్టి గుండ్లను క్లింకర్ అంటారు. వాటిని జిప్సంతో కలిపి పొడి చేస్తే సిమెంటు అవుతుంది. సున్నపురాయి, ఎర్రమట్టి దగ్గర దగ్గరగా దొరకడం వల్లనే తాండూరు చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. వాటిలో కరన్‌కోట్ వద్ద ఉన్న సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం కేంద్ర ప్రభుత్వ రంగానిది. ఈ పరిశ్రమకు ఒక రసాయన బంధనం ఉంది. శుద్ధమైన సున్నపురాయి ఒక టన్ను కాలితే, ఇంధనం నుంచి వచ్చే పొగ సంగతి అటుంచి, ఆ రాయి నుంచే దాదాపు 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. కొలిమిని ఎంత మెరుగుపరచినా ఈ లెక్క మారదు. అందువల్ల పరిశోధన అంతా క్లింకర్ పాలును తగ్గించే దిశలో నడుస్తున్నది. కేయొలినైట్ అనే ఖనిజం గల బంకమట్టిని తక్కువ వేడిలో కాల్చి, దానికి కాల్చని సున్నపురాతి పొడిని చేర్చి, క్లింకర్‌ను సగానికి తగ్గించే మిశ్రమం మీద స్విట్జర్లాండులోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు కలిసి పనిచేశాయి. నాపరాతిని పాలిష్ చేసేటప్పుడు నీళ్లతో కొట్టుకువచ్చే తెల్లని బురద, యూనిట్ల పక్కన ఎండి గాలికి లేచే ఆ పొడి, ఇదే కోవలో కాంక్రీటుకు, ఇటుకలకు పనికివచ్చే పదార్థమా అన్నది సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు పరిచితమైన పరిశోధనాంశం. అయితే ప్రయోగశాలలో ఘనాలు పగలగొట్టి బలం కొలిచే అధ్యయనాలు ఎక్కువగా వస్తాయి. ఆ బురదను ఎండబెట్టి, జల్లించి, బస్తాకెత్తి, లారీకి వేయడానికి అయ్యే ఖర్చును కొలిచేవి తక్కువ. పరిశ్రమ అడిగే ప్రశ్న మాత్రం ఈ రెండవదే.

తాండూరు నేలకు సంబంధించిన మరొక ఖనిజం పురావస్తు శాస్త్రానికి, ఇంజనీరింగుకు నడుమ ఉన్న దూరం ఎంత చిన్నదో చూపుతుంది. 2022 డిసెంబరులో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు, ఆ నేలల్లో అట్టపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఉండడాన్ని ఆ పంట ప్రత్యేకతకు ఒక కారణంగా పేర్కొన్నారు. సన్నని గొట్టాల వంటి నిర్మాణం ఉండడం వల్ల అది తేమను పట్టి ఉంచుతుంది. మధ్య అమెరికాలోని మాయా నాగరికతవారు నీలిమందు ఆకు రంగును ఇదే ఖనిజంతో కలిపి వేడిచేసి, ఎండకు, వానకు, ఆమ్లాలకు సైతం చెక్కుచెదరని నీలం తయారు చేశారు. వారి కుడ్యచిత్రాల రంగు ఎందుకు వెలవలేదన్న పురావస్తు ప్రశ్నకు 20వ శతాబ్దంలో జవాబు వెతికిన రసాయన శాస్త్రజ్ఞులు, సేంద్రియమైన రంగును బంకమట్టి గొట్టాలలో బంధించవచ్చునని తెలుసుకున్నారు. ఆ సూత్రం మీద నేటికీ కొత్త రంగులు తయారవుతున్నాయి. కాగ్నా ఒడ్డున కందిని కాపాడే మట్టి, మాయా గోడల మీద రంగును కాపాడిన మట్టి ఒకే కుటుంబానివి.

ఈ రాయితో మనిషికి ఉన్న పరిచయం ఎంత పాతదో తెలుసుకోవడానికి తాండూరుకు నైరుతిగా 140 కిలోమీటర్ల దూరంలో, యాద్గిర్ జిల్లా హుణసగి లోయలో ఉన్న ఇసాంపూర్‌ను చూడాలి. తెలుగు నేల నుంచి పుణేలోని డెక్కన్ కళాశాలకు వెళ్లిన కాట్రగడ్డ పద్దయ్య 1960ల నుంచి ఆ ప్రాంతంలో కాలినడకన సర్వేలు చేసి, హుణసగి, బైచబాళ లోయలలో ఆదిమ మానవుని పనిముట్లు దొరికే చోట్లను పెద్ద సంఖ్యలో గుర్తించారు. వాటిలో ఇసాంపూర్ 1983లో బయటపడింది. నీటిపారుదల పనుల కోసం పైమట్టిని తవ్వి తీసుకుపోగా కింద దాగి ఉన్న రాతి పొర, దాని మీద చెల్లాచెదురుగా ఉన్న పనిముట్లు కనిపించాయి. 1990ల చివర మొదలైన తవ్వకాలలో 15 వేలకు పైగా రాతి వస్తువులు లభించాయి. ఇవి అషూలియన్ అనే సంస్కృతికి చెందినవి. ఫ్రాన్సులోని సెంట్ అషూల్ అనే చోటు పేరు మీద ఆ పేరు స్థిరపడింది. రెండు వైపులా చెక్కి మొనతేల్చిన చేతిగొడ్డలి, వెడల్పైన అంచు గల చీల్చుడు పనిముట్టు ఆ సంస్కృతికి గుర్తులు.

ఇసాంపూర్ విశిష్టత పనిముట్ల సంఖ్యలో లేదు. భారతదేశంలో అషూలియన్ పనిముట్లు చాలా చోట్ల దొరికాయి. కాని అవి ఎక్కువగా నదీ ప్రవాహాలు మోసుకువచ్చి పడవేసినవి, అంటే తయారైన చోటు నుంచి కదిలినవి. ఇసాంపూర్‌లో మాత్రం ముడిరాయి తీసిన చోటు, చెక్కిన చోటు, పక్కన పడేసిన రాతి చెక్కలు, దెబ్బ కొట్టడానికి వాడిన గుండ్రాళ్లు అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. అక్కడి ముడిరాయి భీమా సముదాయపు సున్నపురాయే. సిలికా చేరి మరింత గట్టిపడి, సహజమైన పగుళ్ల వల్ల పలకలుగా విడివడి ఉన్నది. పద్దయ్యతో పాటు అమెరికా పరిశోధకుడు మైకేల్ పెట్రాగ్లియా, రాతి గనుల అధ్యయనంలో నిపుణుడైన భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫిలిప్ లాపోర్టా ఈ స్థలాన్ని ఒక క్వారీగా చదివారు. పగుళ్ల మధ్య దూరం, పలకల మందం, అంచుల తీరు కొలిచి చూసినప్పుడు, ఆదిమ మానవుడు చేతికందిన రాయినల్లా పగలగొట్టలేదని, తనకు కావలసిన పనిముట్టు మందానికి దగ్గరగా ఉన్న పలకను ఏరుకుని, చెక్కవలసిన పనిని ముందే తగ్గించుకున్నాడని తేలింది. పెద్ద పలకల నుంచి మందమైన చెక్కలు రాల్చి చీల్చుడు పనిముట్లు చేశాడు. పలుచని పలకల అంచులు మాత్రమే సరిచేసి కత్తులుగా వాడుకున్నాడు. దెబ్బ కొట్టడానికి సున్నపురాయి చాలదు కాబట్టి అంతకన్నా గట్టివైన నల్లరాయి, స్ఫటికశిల, చెకుముకిరాయి గుండ్లను వాడాడు. ముడిసరుకును సహజమైన బలహీనత వెంట విడదీయడం, సరైన మందాన్ని ఎంచుకోవడం, పనికి మించిన గట్టిదనం గల పరికరాన్ని వాడడం నేటి గని ఇంజనీరింగ్ పాఠాలలో ఉండే సూత్రాలే.

ఆ స్థలం వయసును నిర్ణయించిన తీరు కూడా చెప్పుకోదగినది. సున్నపురాతి పనిముట్టుకు నేరుగా వయసు కట్టే మార్గం లేదు. అందువల్ల వాటితో పాటు దొరికిన శాకాహార జంతువుల పంటి పింగాణీని పరీక్షించారు. మట్టిలో, రాతిలో అతి స్వల్పంగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాల వికిరణం పంటి పింగాణీ స్ఫటికంలోని ఎలక్ట్రాన్లను కదిలించి చిన్న చిన్న లోపాలలో ఇరికిస్తుంది. కాలం గడిచేకొద్దీ ఇరుక్కున్న ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది. వాటిని అయస్కాంత క్షేత్రంలో కొలిచే పద్ధతిని ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ అంటారు. ఆ కొలత ఇసాంపూర్‌కు సుమారు 12 లక్షల ఏళ్ల వయసును చూపింది. పురావస్తు శాస్త్రం అడిగిన ప్రశ్నకు భౌతిక శాస్త్రపు యంత్రం జవాబు చెప్పడం ఇప్పుడు మామూలు విషయమే. అయితే ఆ జవాబు నిలబడడానికి, పన్ను దొరికిన చోటు చుట్టూ ఉన్న మట్టిలో వికిరణం ఎంతో తెలియాలి. తవ్వినవారు ఆ మట్టి నమూనాను, దాని లోతును, స్థానాన్ని సరిగా నమోదు చేయకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా పనికిరాదు.

ఇసాంపూర్‌ను వెలికి తెచ్చిన మట్టి తవ్వకం వంటి యాదృచ్ఛికాలు ఈ ప్రాంతపు పురావస్తు చరిత్రలో పదే పదే కనిపిస్తాయి. నిజాం ప్రభుత్వం 1914లో గులాం యజ్దానీ నాయకత్వంలో పురావస్తు శాఖను ఏర్పాటు చేసిన మరుసటి సంవత్సరమే, రాయచూరు జిల్లా మస్కిలో అశోకుని శాసనం దొరికింది. కనుగొన్నది బంగారు గనుల ఇంజనీరు సి. బీడన్. అంతవరకు దొరికిన శాసనాలలో దేవానాంప్రియుడని మాత్రమే ఉండగా, అశోకుడనే పేరు స్పష్టంగా ఉన్న మొదటి శాసనం అదే కావడంతో చరిత్ర రచనలో ఒక పెద్ద సందేహం తీరిపోయింది. తాండూరుకు 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, భీమా ఒడ్డున ఉన్న సన్నతిలో 1986లో ఒక ఆలయపు కప్పు కూలినప్పుడు, లోపలి విగ్రహపు పీఠంగా వాడిన బండ అశోకుని శాసనమని బయటపడింది. విగ్రహాన్ని నిలపడానికి ఆ శాసనం మధ్యలో రంధ్రం తొలిచి ఉంది. దానికి దగ్గరలోని కనగనహళ్లిలో 1990లలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ తవ్విన స్తూపంలో, రాణితో కూడిన ఒక రాజు శిల్పం కింద బ్రాహ్మీ లిపిలో అశోకుని పేరు చెక్కి ఉంది. ఆ స్తూపపు ఫలకాలన్నీ స్థానికంగా దొరికే సున్నపురాయే.

తెలుగు నేల మీద ఇంజనీరింగ్, పురావస్తు శాస్త్రం ముఖాముఖి నిలిచిన పెద్ద సందర్భం నాగార్జునకొండ. ఆనకట్ట కట్టితే లోయ మునుగుతుందని ముందే తెలుసు కాబట్టి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదికి తరలించారు. శ్రీశైలం జలాశయం కింద మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా రాయి రాయికి గుర్తు వేసి, విప్పి, ఆలంపురంలో తిరిగి కట్టారు. ఈ తరలింపులలో నిజంగా పరీక్షకు నిలిచింది క్రేన్లు, కూలీలు కాదు. ఏ రాయి ఏ వరుసలో, ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉండేదో రాసిన పట్టికలు. అవి తప్పితే గుడి కుప్పగానే మిగిలేది. 1213 నాటి రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినప్పుడు, పునాదిలో ఇసుక నింపిన విధానం, నీటి మీద తేలేంత తేలికైన ఇటుకలు ప్రత్యేకంగా చర్చకు వచ్చాయి. ఆ అధ్యయనంలో వరంగల్లు ఎన్‌ఐటీ సివిల్ ఇంజనీర్ల పాత్ర ఉంది.

సున్నం కూడా ఒక గడియారమే. పాత కట్టడాల గచ్చులో వాడిన డంగుసున్నం, సున్నపురాయిని కాల్చి, నీళ్లతో చల్లార్చి, గానుగలో నూరి చేసినది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ తిరిగి రాయిగా మారుతుంది. అంటే గోడ కట్టిన సంవత్సరపు గాలిలోని రేడియో కార్బన్ ఆ గచ్చులో బందీ అవుతుంది. 5,730 ఏళ్లకు సగమయ్యే ఆ కార్బన్‌ను కొలిచి కట్టడం వయసు చెప్పవచ్చునని 1960ల నుంచి ప్రయత్నాలు సాగుతున్నాయి. చిక్కంతా బట్టీలో సరిగా కాలని రాతి తునకల దగ్గర వస్తుంది. కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయిలో రేడియో కార్బన్ ఏనాడో అంతరించింది. అటువంటి తునకలు ఎక్కువగా కలిస్తే నాలుగు వందల ఏళ్ల బురుజు నాలుగు వేల ఏళ్లదిగా తేలవచ్చు. స్థానిక సున్నపురాయి రసాయన లక్షణాలు తెలిస్తే ఆ తునకలను వేరుచేయడం సులువవుతుంది, ఆ వివరాలు సిమెంటు కర్మాగారాల ప్రయోగశాలలలో నిత్యం కొలుస్తూనే ఉంటారు. ఈ ప్రాంతపు గడీలు, బురుజులు, మెట్లబావుల మీద పనిచేసే చరిత్రకారుడు ఆ కొలతల గడప తొక్కడం మాత్రం అరుదు.

ఇక నమోదుల విషయానికి వస్తే, తాండూరు కన్నా మంచి పాఠం దొరకడం కష్టం. 1956 వరకు తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం గుల్బర్గా జిల్లాను మైసూరు రాష్ట్రానికి ఇస్తూ ఈ రెండు తాలూకాలను మినహాయించింది. తరువాత తాండూరు హైదరాబాదు జిల్లాలోనూ, 1978 నుంచి రంగారెడ్డి జిల్లాలోనూ ఉండి, 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన వికారాబాదు జిల్లాలో చేరింది. ఒకే ఊరి గురించిన సర్వే నివేదిక, శాసనపు నకలు, గని లీజు పత్రం రాసిన కాలాన్ని బట్టి నాలుగు జిల్లాల పేర్ల కింద ఉండవచ్చు. ఉర్దూలోనో, ఇంగ్లీషులోనో, కన్నడంలోనో, తెలుగులోనో ఉండవచ్చు. కొంత బెంగళూరులో, కొంత మైసూరులో, కొంత హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉండవచ్చు. వికారాబాదు జిల్లా అని వెదికే విద్యార్థికి 2016కు ముందటి చరిత్ర లేనట్టే కనిపిస్తుంది. దీనికి సమాచార శాస్త్రం చెప్పే చికిత్స సరళమైనదే: ఊరికి పేరుతో పాటు మారని ఒక సంఖ్యను, అక్షాంశ రేఖాంశాలను, ఏ కాలంలో ఏ పాలన కింద ఉండేదో చెప్పే పట్టికను జతచేయాలి. స్థల నామాల ప్రామాణిక కోశం అనే ఈ ఏర్పాటు గ్రీకు, రోమను ప్రపంచానికి ప్లీయడీస్ పేరుతో ఎప్పుడో వచ్చింది. దక్కనుకు అటువంటిది కావాలి.

అక్షాంశ రేఖాంశాలు రాస్తే చాలునా అంటే అక్కడా ఒక మెలిక ఉంది. భారత సర్వేక్షణ విభాగపు పాత పటాలు 1830 నాటి ఎవరెస్ట్ గోళాభం అనే గణిత నమూనా మీద గీసినవి. నేటి జీపీఎస్ పరికరాలు డబ్ల్యూజీఎస్ 84 అనే మరొక నమూనాను వాడతాయి. భూమి ఆకారాన్ని వేరువేరుగా ఊహించినందువల్ల ఒకే అంకెలు రెండు పటాలలో వేరు చోట్ల పడతాయి, ఆ తేడా పదుల మీటర్ల నుంచి వందల మీటర్ల దాకా ఉండవచ్చు. తాండూరు చుట్టుపక్కల ఒక నాపరాతి గని వెడల్పు కూడా అంతే. పాత నివేదికలోని సమాధుల గుంపు గని అంచున మిగిలిందా, గనిలోనే పోయిందా అన్నది ఆ ఒక్క సవరణ మీద ఆధారపడుతుంది.

శాసనాల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 2010లో బ్రాహ్మీ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే అశోకుని అక్షరాలకు కూడా ప్రపంచమంతటా చెల్లే కంప్యూటర్ సంఖ్యలు వచ్చాయి. ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియేలు చేపట్టిన తొలి ఆంధ్రదేశ శాసనాల సంకలనం, పాఠాలను ఎపిడాక్ అనే పద్ధతిలో నమోదు చేస్తుంది. రాతి మీద స్పష్టంగా ఉన్న అక్షరం, అరిగి సందేహంగా ఉన్నది, పూర్తిగా పోయినందున సంపాదకుడు ఊహించి పూరించినది, ఈ మూడింటికీ వేరువేరు గుర్తులు ఉంటాయి గనుక, తరువాతి పరిశోధకుడు దేనిని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోగలుగుతాడు. అచ్చు పుస్తకాలలోని తెలుగును కంప్యూటర్ చదివే విధానం మీద హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి 2001 నాటికే పరిశోధన ప్రచురించారు. గచ్చిబౌలి ఐఐఐటీలో 2012లో గోల్కొండ, హంపి కట్టడాలను ఫోనుతో ఫొటో తీస్తే, అంతర్జాలం లేకుండానే ఆ కట్టడం వివరం చెప్పే అనువర్తనాన్ని రూపొందించారు. ఈ రెండు విద్యాసంస్థల నుంచి వికారాబాదు గంటన్నర ప్రయాణం.

తాండూరు పరిసరాలలో ఈ పద్ధతులన్నీ కలిపి వాడదలచుకుంటే నేలే కొన్ని షరతులు పెడుతుంది. రేడియో తరంగాలను భూమిలోకి పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో గోడలను, గుంటలను గుర్తించే నేల రాడార్, తేమ పట్టిన నల్లరేగడిలో కొద్ది లోతుకే గుడ్డిదవుతుంది. ఆ బంకమట్టి విద్యుత్తును ప్రసరింపజేసి తరంగాలను మింగివేస్తుంది. అయస్కాంత సర్వే లావా రాయి ఉన్న చోట గందరగోళపడుతుంది గాని, సున్నపురాయి అయస్కాంతపరంగా నిశ్శబ్దమైనది కాబట్టి దాని మీద కాలిన పొయ్యి, కొలిమి, కుమ్మరి ఆవం స్పష్టంగా తేలే అవకాశం ఉంది. ఆకాశం నుంచి చూడడానికి హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం భాండాగారంలో 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రాలున్నాయి. అవి రెండున్నర మీటర్ల వస్తువును వేరుగా చూపగలవు. అంతకు ముందటి నేలను చూడాలంటే 1960 నుంచి 1972 వరకు అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసి, 1995లో బహిరంగపరచిన కొరోనా చిత్రాలున్నాయి. పెద్ద యంత్రాలు దిగకముందు తాండూరు చుట్టూ నేల ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

చిత్రాలను మనిషికి బదులు యంత్రమే పరిశీలించే పద్ధతి ఇటీవల బాగా ప్రచారం పొందింది. 2024లో జపాను యమగాట విశ్వవిద్యాలయం పరిశోధకులు కృత్రిమ మేధతో పెరూలోని నాస్కా ఎడారిలో 303 కొత్త నేల చిత్రాలను గుర్తించినట్టు ప్రకటించారు. ఆ విజయాన్ని ఉన్నదున్నట్టుగా తాండూరుకు తీసుకురావడం కుదరదు. ఎడారిలో వందల ఏళ్లుగా ఎవరూ కదపని నేల ఉంది. ఇక్కడ ఏ సమాధి చుట్టూ పేర్చిన రాళ్లో, ఏ గని పక్కన పోసిన వ్యర్థమో పైనుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి యంత్రానికి ముందుగా నేర్పవలసింది మెగాలిత్‌ల రూపం కాదు, గని కుప్పల రూపం. మెగాలిత్ అంటే పెద్ద బండలతో నిలిపిన ఇనుప యుగపు సమాధి లేదా నిలువురాయి. అటువంటి నిలువురాళ్లు తాండూరుకు వంద కిలోమీటర్ల లోపే, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో మనిషికి రెండింతల ఎత్తున నిలిచి ఉన్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేసిన కె.పి. రావు అక్కడి ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయని వాదించారు. 2025లో ఆ స్థలం ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరింది. దూరంగా ఉన్న నదీ తీరపు పల్లె కావడం వల్లనే ఆ రాళ్లు ఇన్నాళ్లు మిగిలాయన్నది గమనించాలి. గనుల పట్టణం పక్కన ఉన్నవాటికి ఆ అదృష్టం ఉండదు.

చట్టం ఇచ్చే రక్షణ కూడా పరిమితమైనదే. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ, రక్షిత కట్టడానికి చుట్టూ 100 మీటర్లను నిషిద్ధంగా, ఆపైన 200 మీటర్లను నియంత్రితంగా ప్రకటించింది. కాని ఆ రక్షణ పొందాలంటే కట్టడం ముందుగా జాబితాలో ఉండాలి. భూమిలో ఉన్న, ఎవరూ చూడని స్థలానికి జాబితా ఉండదు. గనుల వైపు నుంచి మాత్రం ఒక అనుకోని సదుపాయం వచ్చింది. ఖనిజ సంరక్షణ నియమాలకు 2021 నవంబరులో చేసిన సవరణ ప్రకారం, ఏటా 10 లక్షల టన్నులు లేదా అంతకు మించి తవ్వే, లేదా 50 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం గల లీజుదారులు, తమ లీజు భూమిని, దాని హద్దుల వెలుపల 100 మీటర్ల వరకు ఉన్న నేలను ప్రతి సంవత్సరం డ్రోనుతో చిత్రీకరించి కేంద్ర గనుల శాఖ కింద ఉన్న ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కు సమర్పించాలి. ఆ నియమం పెట్టింది తవ్విన ఖనిజానికి లెక్క సరిచూడడానికి; అయితే సిమెంటు సున్నపురాతి లీజులలో దానికి ఒదిగేవి ఏవైతే ఉన్నాయో, వాటి అంచున ఇంకా తవ్వని 100 మీటర్ల నేల, అంటే రాబోయే ఏళ్లలో పోయే అవకాశమున్న నేల, సంవత్సరం సంవత్సరం చిత్రాలలోకి ఎక్కుతున్నది. నాపరాతి పలకల గనులు చిన్న తరహా ఖనిజాల కింద రాష్ట్ర నియమాలలోకి వస్తాయి గనుక వాటికి ఈ నిబంధన వర్తించదు, పైగా పురావస్తు శాఖకు ఆ చిత్రాల ప్రతి పంపాలన్న మాట ఆ సవరణలో లేదు.